ఏడు నిమ్మకాయలు

సంచిలో ముందు బరువైనవి పెట్టాలి.
బేగంబజార్‌లో బేరమాడి కొన్న ఇత్తడి ఉరుళి,
అడుగున సొట్ట, నీళ్లు పోస్తే కనబడదు.
దాని మీద ఆవపిండి రంగు దిండ్లు రెండు,
దిండ్ల మధ్య గాజు గిన్నె.
నిమ్మకాయలు చేతిసంచిలో, వేరే.
గుడిమల్కాపూర్‌లో ఒక్కోటీ తిప్పి చూసి ఏరతాను,
మచ్చ లేనివి, ఏడు.
ఆరైతే ఎవరో లెక్కపెట్టి పెట్టినట్టుంటుంది.
ఎనిమిదైతే కొట్టు.

"గిన్ని సోకులెందుకమ్మా" అంటాడు యాదగిరి,
తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుతూ,
"మలక్‌పేటల డబుల్ బెడ్రూం
నిమ్మకాయలు చూసి కొంటరా ఎవలన్న?"
కొనరు.
గోడ పెచ్చుల్ని వెతికే కన్ను
ఒక్క క్షణం అటు తిరుగుతుంది, అంతే.
నాకిచ్చే డబ్బులు ఆ క్షణానికి.

ఎవరో ఇప్పుడే లేచి లోపలికి వెళ్లినట్టుండాలి ఇల్లు.
అందుకే కుర్చీని రెండంగుళాలు ఏటవాలుగా లాగుతాను.
ఒక నవల తెరిచి బోర్లా పెడతాను,
మూడేళ్లుగా అదే పేజీ,
అందులో ఎవరు ఎవర్ని చేసుకున్నారో నాకు తెలీదు.
మనీప్లాంటు మాత్రం నిజమైనదే,
ప్లాస్టిక్ అని తేలితే పరువు పోతుంది.
గుమ్మానికి తోరణం కట్టను.
అది ఎవరింటికి వాళ్లే కట్టుకోవాలి.

వంటగట్టు మీద పసుపు మరక, అరచెయ్యంత.
సోడా చల్లాను, నిమ్మచెక్కతో రుద్దాను,
కదల్లేదు.
దాని మీద ట్రే పెట్టి, ట్రేలో రెండు కప్పులు పెట్టాను,
ఎవరూ తాగని కాఫీకి.

ఆ మరక సుధేష్ణది.
ఈ గట్టు మీదే రోజూ అరవై క్యారేజీలు కట్టేదట
ఆఫీసులకి.
ఆఫీసులు ఇళ్లల్లోకి వెళ్లిపోయాయి.
బ్యాంకు మాత్రం ఎటూ వెళ్లలేదు.

కొనేవాళ్లొచ్చే రోజు అమ్మేవాళ్లు రాకూడదు.
ఆవిడ వచ్చింది.
చెప్పులు బయటే విప్పి
పేరంటానికి పిలిస్తే వచ్చినట్టు నిలబడింది హాల్లో.
"ఇంత వెలుగుండేదా ఇక్కడ?"
ముదురు కర్టెన్లు తీసి పల్చటివి వేశానని చెప్పలేదు.
వంటింట్లో ట్రే ఎత్తింది,
మరకని చూసింది,
మళ్లీ అక్కడే పెట్టింది, వెంట్రుకవాసి తేడా రాకుండా.
తర్వాత నన్నడక్కుండానే
బల్ల మీది గాజు గిన్నె తీసి
పడమటి కిటికీ గట్టు మీద పెట్టింది.
"నాలుగింటికి ఇక్కడికొస్తుంది ఎండ.
పది నిమిషాలే.
ఎప్పుడూ చూడలేదు సరిగ్గా,
ఆ టైముకి ఖాళీ క్యారేజీలు తోముతుండేదాన్ని."

నాలుగూ ఐదుకి వచ్చారు వాళ్లు,
వెనకాల ఒక పిల్లాడు, పళ్లకి తీగ కట్టినవాడు.
ఆయన పార్కింగ్ అడిగాడు,
కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజేనా అన్నాడు,
ఫోన్‌లో దిక్సూచి తెరిచి
నైరుతి మూలని చాలాసేపు అనుమానించాడు.
ఆవిడ కిటికీ దగ్గర ఆగిపోయింది.
ఏడు కాయలూ లోపల్నించి వెలిగించినట్టున్నాయి.
గోడ మీద గాజు నీడ, నీళ్లలా కదులుతూ.
నేను పెట్టింది కాదు అది.
ఆవిడేమీ అనలేదు,
భుజాన్నించి బ్యాగు తీసి కింద పెట్టింది.
యాదగిరి నా వైపు చూశాడు.
బ్యాగు దించినవాళ్లు కొంటారు.

చీకటి పడ్డాక సామాను సర్దుకున్నాను.
కప్పులు కాగితంలో చుట్టి,
కుర్చీ లోపలికి తోసి,
నవల మూసి,
నిమ్మకాయలు లెక్కపెడితే ఆరు.
ఆ పిల్లాడు జేబులో వేసుకున్నాడో,
గిన్నె జరిపినప్పుడే ఆవిడ తీసుకుందో.
ఫోన్ చేసి అడిగే విషయమా?

బోరబండలో మా గదికీ కిటికీ ఉంది.
తెరిస్తే పక్కింటివాళ్ల గోడ.
ఆ గట్టు మీద స్టీలు పళ్లెంలో పెట్టి చూశాను ఆరూ,
ట్యూబ్‌లైటు వెలుతురులో.
నిమ్మకాయల్లాగే ఉన్నాయి.
రెండు కోసి పులిహోర కలిపాను.
శనివారం నిజాంపేట ఫ్లాటు,
ఇంకో మూడు కొనాలి.